అసిస్టెంట్ కన్ను

మామగారితో వేగడం ఇందుమతికి కొత్త కాదు గానీ, పాత రైలు ప్రయాణాలను ఇంజిన్ జ్ఞాపకంనుంచి తెరమీద మళ్ళీ నడిపి చూసే పునర్యాన కేంద్రంలో వేగడం కొత్త. ముప్పై ఆరేళ్ళు రైళ్ళు నడిపి, రిటైరయ్యాక ఇక్కడ ఆమె చేతికింద చేరిన మనిషికి నాలుగు మీటలు ఒంటబట్టవు! ఒకటి రైలు నడిపే పైలట్ సీటునుంచి ముందుకు కనబడే పైలట్ కన్ను, రెండు పక్కసీటులోని అసిస్టెంట్ కన్ను, మూడు పట్టాల పక్క, నాలుగు ఆకాశం. రెండు నొక్కమంటే ఆయన నాలుగు నొక్కేవాడు. తెరమీద రైలు గొంగళిపురుగంత అయ్యేది. ఉప్పు అడిగితే చక్కెర డబ్బా అందించే మనిషి మరి.

పన్నెండేళ్ళ కిందటి ప్రమాదానికి ఈ మధ్యాహ్నం ముద్ర పడాలి. పడితే ఇంజిన్ జ్ఞాపకం చెరిగిపోయి తీర్పొక్కటే మిగులుతుంది: చనిపోయిన అసిస్టెంట్ మొగిలి ఎర్ర సిగ్నల్‌ను పచ్చ అని పిలిచాడని. ఆ మాట చెప్పింది బతికి బయటపడ్డ పైలట్ రాజలింగం, అంటే మామగారే. ముద్ర వేసేది కోడలైతే యంత్రానికి అభ్యంతరం లేదు. దానికి వేలిముద్ర చాలు. తలుపవతల బల్లమీద మొగిలి భార్య సరూప తీర్పు కాగితం కోసం కూర్చుంది.

ప్రమాదాల విషయంలో నియమం ప్రకారం పైలట్ కన్నే సాక్ష్యం, మిగతా మీటలు ముట్టకూడదు. తెరమీద కుడి మలుపు వచ్చింది. గుట్ట చాటున సిగ్నల్ కనబడలేదు. అక్కడ అసిస్టెంట్ చూసి సిగ్నల్ రంగు గట్టిగా పిలవాలి, పైలట్ చెయ్యెత్తి తిరిగి పలకాలి.

"ముద్రెయ్యి బిడ్డా, అన్నం చల్లారుతది."

"ఒక్కసారి రెండో కన్ను చూద్దాం మామయ్యా."

"నాకా మీటలు తెల్వయి."

"నేను నొక్కుతాగా."

"వద్దంటున్న గదా!"

ఆయన అరచెయ్యి మీటను కప్పేసింది. తడుముకోకుండా, సరిగ్గా రెండోదాన్నే.

ఇందుమతి ఆ చేతికేసి చూసింది. తర్వాత, చంటివాడి పిడికిలి విప్పినట్టు ఒక్కో వేలూ తీసి, మీట నొక్కింది.

హాలులో మిగతా నలభై తెరలూ పసుపెక్కి ఆగిపోయాయి. "అనుమతిలేని చూపు," అంది యంత్రం. ఆమె తెర మాత్రం ఆగలేదు. దూరంగా ఎర్రదీపం. మొగిలి చెయ్యి పైకి లేచి దానివైపు చూపించింది. జవాబు లేదు. చెయ్యి దిగలేదు. చూపు ఎడమకు తిరిగింది: గడ్డం ఛాతీకానించి రాజలింగం. చెయ్యి ఆయన భుజం కుదిపింది, బ్రేకుకేసి దూకింది. తెర నల్లబడింది.

"పునర్యానం ఆపండి. కారణం నమోదు చెయ్యండి," అంది యంత్రం మళ్ళీ మళ్ళీ.

రాజలింగం లేచాడు. వెళ్ళి తలుపు తీశాడు. సరూప కంగారుగా నిలబడింది.

"కాగితం అయ్యిందా అన్నా?"

"కాలే చెల్లె. మొగిలి ఎర్ర అనే పిలిచిండు. నేను నిద్రపోయిన. తప్పు నాది."