మూడో పూస

సెలూన్‌కి వచ్చేవాళ్ళందరూ అతన్ని రేడియో అనే పిలిచేవారు. మెడకి గుడ్డ చుట్టగానే మొదలయ్యే కబుర్లు మళ్ళీ ఆ గుడ్డ దులిపేదాకా ఆగేవి కావు. వాన గురించో, పక్కవీధి తగాదా గురించో, ఎవరి బట్టతల ఎవరి పోలికో దాని గురించో, ఏదో ఒకటి. ఏళ్ళ తరబడి నిలబడి చేసిన పని కాబట్టి నడుంనొప్పి అతనికి కొత్తేమీ కాదు. కానీ ఈమధ్య వచ్చిన నొప్పి వేరే రకం. నిలబడితే సద్దుమణిగేది. పడుకుంటే లేచేది.

"నేను పడుకోగానే అది మేలుకుంటోందే," అన్నాడొకసారి భార్యతో నవ్వుతూ. ఆమె నవ్వలేదు.

స్కాన్ తీయిస్తే నడుం దగ్గర మూడో వెన్నుపూసలో చిక్కుడుగింజంత మచ్చ కనిపించింది.

"చీము కావచ్చు, మామూలు గడ్డ కావచ్చు, చెడ్డది కూడా కావచ్చు. ముక్క తీసి ల్యాబ్‌కి పంపితే తప్ప చెప్పలేం," అంది స్కాన్ డాక్టరమ్మ. సన్నటి మనిషి, మెత్తటి గొంతు. "మిషన్లో చూసుకుంటూ సూదిని సరిగ్గా ఆ మచ్చలోకి పంపిస్తాం. కోత ఉండదు, కుట్లుండవు. మీరు మెలకువగానే ఉంటారు. కదలకూడదు, మాట్లాడకూడదు. అంతే."

బావమరిది నవ్వాపుకోలేకపోయాడు. "కదలకుండా ఉంటాడు డాక్టరుగారూ. నోటికే మత్తివ్వాలి."

"నువ్వూరుకోరా," అని భార్య తన తమ్ముణ్ణి కసిరింది కానీ, ఆమె పెదాలు కూడా కొంచెం విచ్చుకున్నాయి. ఆ వారంలో ఆ ఇంటివాళ్ళు నవ్వింది ఆ ఒక్కసారే.

స్కాన్ గది ఆస్పత్రి కింది అంతస్తులో, పొడవాటి వసారా చివర ఉంది. బయట మధ్యాహ్నపు ఎండ కాస్తున్నా అక్కడికి చేరేది ట్యూబ్‌లైట్ల వెలుగే. భార్యనీ బావమరిదినీ తలుపు బయట బెంచీ మీద కూర్చోబెట్టారు. లోపల ఒళ్ళు జివ్వుమనేంత చల్లగా ఉంది. గది మధ్యలో పెద్ద తెల్లటి చక్రంలాంటి మిషన్, దాని నోట్లోకి జారే సన్నటి బల్ల. నర్సు అతన్ని బోర్లా పడుకోబెట్టి, పొట్ట కింద దిండు పెట్టి, ముఖం ఎడమవైపుకి తిప్పింది. అటు గోడలో మందపాటి అద్దం ఉంది. దాని వెనక చిన్న గది, కంప్యూటర్ తెరలు.

"బొమ్మ తీసిన ప్రతిసారీ మేం ముగ్గురం ఆ అద్దం వెనక్కి వెళ్తాం," అన్నాడు టెక్నీషియన్, బొద్దుగా ఉన్న నడివయసు మనిషి. "కంగారుపడకండి. మీరు మాకు కనిపిస్తూనే ఉంటారు. ఇక్కడ మైకుంది, మీ మాట కూడా వినిపిస్తుంది."

వీపంతా చల్లటి మందుతో తుడిచారు. నడుం దగ్గర మాత్రం కన్నమున్న ఆకుపచ్చ గుడ్డ కప్పి, అంచులు ఒంటికి అతుక్కునేలా టేపు వేశారు. మత్తు సూది చీమ కుట్టినట్టు చురుక్కుమని, ఆ తర్వాత అక్కడ ఏమీ తెలియకుండా పోయింది. అసలు సూది దిగుతుంటే ఎవరో బొటనవేలితో నొక్కుతున్నట్టుంది, అంతే.

"ఇప్పుడో బొమ్మ తీద్దాం," అంది డాక్టరమ్మ.

అడుగుల చప్పుడు. తలుపు మూసుకుంది. అద్దం వెనక ముగ్గురూ తెర వైపు తిరిగి నిలబడ్డారు.

మిషన్ గుర్రుమంటూ తిరగడం మొదలెట్టింది. ఇంతలో అతనికి స్పిరిట్ వాసన కింద నుంచి ఇంకో వాసన తగిలింది. తన పనిలో బాగా తెలిసిన వాసనే. పుట్టువెంట్రుకలు తీసేటప్పుడు చంటిపిల్లల మాడు దగ్గర వచ్చే వాసన. పాలూ చెమటా కలిసినట్టు, కాస్త పుల్లగా.

ఇక్కడికెలా వచ్చిందబ్బా, అనుకున్నాడు.

అప్పుడు మెడ మీద వేళ్ళు తగిలాయి.

చిన్న వేళ్ళు. మెడ కింద మొదటి పూస మీద ఆగాయి. తర్వాతి పూస మీదికి దిగాయి. ఆ తర్వాతిది... మెట్లు దిగుతున్నట్టు, ఒక్కొక్కటే తడుముకుంటూ. నర్సు కాబోలు అనుకున్నాడు. కళ్ళు తెరిచి చూస్తే అద్దం వెనక డాక్టరమ్మా, టెక్నీషియనూ, నర్సూ ముగ్గురూ ఉన్నారు.

తలుపు తెరుచుకోగానే వేళ్ళు ఆగిపోయాయి.

"డాక్టరమ్మా," అన్నాడు గొణుగుతూ. "నా వీపు మీద ఎవరో చెయ్యి వేశారు."

"మత్తుకి అలా పాకినట్టనిపిస్తుందండీ. బాగా సహకరిస్తున్నారు. ఇప్పుడు ఎముకలోకి వెళ్తాం. కాస్త బరువుగా ఉంటుంది."

ఆవిడ సూది పిడిని అటూ ఇటూ తిప్పుతూ నొక్కింది. ఎముక కిరకిరమనడం అతనికి పళ్ళలో వినిపించింది. అరచేతులు దిండు అంచుని గట్టిగా పట్టుకున్నాయి.

"లోపలికి దిగింది. మచ్చ అంచులో ఉన్నాం. ఇంకొక్క బొమ్మ. ఇప్పుడు మాత్రం అస్సలు కదలొద్దు, వినపడిందా? పక్కనే నరాలున్నాయి."

మళ్ళీ వెళ్ళిపోయారు. మళ్ళీ తలుపు. మళ్ళీ ఆ పుల్లటి వాసన.

ఈసారి వేళ్ళు తొందరగా వచ్చాయి.

మెడ నుంచి భుజాల మధ్యకి... అక్కడి నుంచి కిందికి... ఆకుపచ్చ గుడ్డ అంచు దగ్గరికి వచ్చాయి. గుడ్డ ఒంటికి అంటుకుని ఉంది. టేపు ఎక్కడా లేవలేదు, గుడ్డ కదల్లేదు. అయినా వేళ్ళు దాని కిందికి వెళ్ళిపోయాయి.

అప్పుడర్థమైంది అతనికి.

అవి చర్మం మీద నడవడం లేదు.

చర్మం కింద నడుస్తున్నాయి. లోపలివైపు నుంచి. పూసలు పట్టుకుని దిగుతున్నాయి.

అరవాలి. అరిస్తే ఒళ్ళు కదులుతుంది. కదిలితే సూది... సూది ఎముకలో నిటారుగా నిలబడి ఉంది. పళ్ళు బిగబట్టాడు. వేళ్ళు నడుంలోని ఆ మూడో పూస దగ్గర ఆగాయి. సూది మొన చుట్టూ నెమ్మదిగా చుట్టుకున్నాయి.

"నన్ను ఇవ్వకు."

చాలా చిన్న గొంతు. చెవికి కాదు, పక్కటెముకలకి వినిపించింది.

"నన్ను ఇవ్వకు... చీకట్లోనే ఉంటాను... అల్లరి చెయ్యను..."

గోడలోని స్పీకర్ గరగరమంది. టెక్నీషియన్ గొంతు. "సార్, మాట్లాడకండి. బొమ్మ చెదిరిపోతోంది."

అతను నోరు తెరవలేదు.

అద్దం వెనక టెక్నీషియన్ తలెత్తి అతని ముఖంలోకి చూశాడు. మూసి ఉన్న ఆ పెదాలవైపు చూశాడు. తర్వాత మైకు వైపు చూశాడు. స్పీకర్ మళ్ళీ పలకలేదు.

తలుపు తెరుచుకుంది.

"ఆపెయ్యండమ్మా," అన్నాడు అతను. తన గొంతు తనకే గుర్తుపట్టరానట్టుంది. "లోపల... ఎవరో ఉన్నారు."

డాక్టరమ్మ అతని ముఖం దగ్గరికి వంగింది. "సూది సరిగ్గా మచ్చలో ఉంది. ఇప్పుడు ఆపితే పడిన కష్టమంతా వృథా. ఒక్క నిమిషం ఓర్చుకుంటే అదేమిటో తెలిసిపోతుంది. మీరు వద్దంటే మాత్రం తీసేస్తాను. చెప్పండి."

అతనికి బయట బెంచీ మీద కూర్చున్న భార్య గుర్తొచ్చింది. చెడ్డది కూడా కావచ్చు అని డాక్టరమ్మ అన్నప్పటి నుంచీ ఆమె రాత్రిళ్ళు నిద్ర నటిస్తోంది. ఆ సంగతి అతనికి తెలుసు.

"కానివ్వండి," అన్నాడు.

లోపల వేళ్ళు బిగుసుకున్నాయి. మత్తున్నా ఆ పట్టు తెలుస్తోంది. అది వణుకుతోంది. అతనికెంత భయంగా ఉందో దానికీ అంతే భయంగా ఉంది. సెలూన్ కుర్చీలో మొదటిసారి కూర్చుని కత్తెర చూసి గింజుకునే పసివాళ్ళు అతని చేతుల్లో ఎందరు వణికారో లెక్కలేదు. అలవాటు కొద్దీ వాళ్ళతో అనే మాటే నోటివెంట వచ్చేసింది.

"కదలకు నాన్నా. అయిపోయింది. అయిపోయింది."

"ఏమన్నారు?" అంది నర్సు.

లోపల పట్టు సడలింది. నమ్మింది కాబోలు.

డాక్టరమ్మ పిడిని ఒక్క తిప్పు తిప్పి లాగింది.

అతనికి నొప్పి తెలియలేదు. కానీ ఏడుపు వినిపించింది. ఊపిరి తిరగని ఏడుపు, ఆగి... ఆగి... మళ్ళీ అందుకుని. నర్సు ముక్కని మందునీళ్ళ సీసాలో వేసింది. ఆవిడ తలుపు వైపు చూసింది. "బయట ఎవరి పిల్లలో," అంది.

టెక్నీషియన్ మాత్రం సీసా వైపు చూస్తున్నాడు.

మూత బిగించగానే ఏడుపు ఆగిపోయింది.

సాయంత్రం దాకా వెల్లకిలా పడుకోబెట్టి ఇంటికి పంపేశారు. దారిలో భార్య అడిగింది. "ఆ గదిలో మీతోపాటు చంటిపిల్లల్ని కూడా పడుకోబెట్టారా ఏమిటండీ? ఒకటే ఏడుపు. పాపం అనిపించింది."

"అలాంటిదే," అన్నాడు అతను.

నొప్పి పోయింది. ఆ రోజుతో పూర్తిగా పోయింది. పడుకుంటే హాయిగా నిద్రపట్టాలి. పట్టలేదు. నడుంలో ఆ చోట ఏదో వెలితి. మాట్లాడుతూ మాట్లాడుతూ ఆగిపోయేవాడు, సగం గడ్డం మీద కత్తి ఆనించి. "రేడియోకి బ్యాటరీలు అయిపోయినట్టున్నాయి," అని నవ్వేవారు సెలూన్‌కి వచ్చినవాళ్ళు.

తర్వాతి వారం డాక్టరమ్మ పిలిపించింది. గదిలోకి ఇద్దర్నే రమ్మంది, అతన్నీ భార్యనీ. తలుపు తనే లేచి వేసింది.

"ముందు మంచిమాట. కాన్సర్ కాదు. చీమూ కాదు."

భార్య రెండు చేతులతో ముఖం కప్పుకుంది. వేళ్ళ సందుల్లోంచి కన్నీళ్ళు కారుతున్నాయి. అతను మాత్రం డాక్టరమ్మనే చూస్తున్నాడు. ఆవిడ ఇంకా ఏదో చెప్పాలి. ఎలా చెప్పాలో తెలియక కలం మూత పెడుతోంది, తీస్తోంది.

"ల్యాబ్ వాళ్ళు ఫోన్ చేసి, ఇది పెద్దవాళ్ళ ఎముక కాదన్నారు. చంటిపిల్లలదట. ఇంకా ఎదిగే ఎముక. సీసాలు మారిపోయాయేమో అని అడిగారు. ఆ రోజు మేం తీసిన ముక్క అదొక్కటే."

"అంటే ఏమిటమ్మా?" అంది భార్య.

"నాకు తెలీదండీ." ఆవిడ గొంతు తగ్గించింది. "మేం పంపింది అగ్గిపుల్ల విరిచినంత ముక్క. మందునీళ్ళలో వేసి పంపాం. ఆ నీళ్ళలో ప్రాణమున్నదేదీ బతకదు. సీసా చాలక దాన్ని ఇప్పటికి రెండుసార్లు పెద్ద సీసాలోకి మార్చారట."

భార్య అతని మోచెయ్యి పట్టుకుంది. ఏసీ చప్పుడు ఒక్కటే.

మాటల కోసం ఎప్పుడూ వెతుక్కోని మనిషి, ఒకే ఒక్క మాట అడగడానికి చాలాసేపు తీసుకున్నాడు.

"ఏడుస్తోందా?"

బల్ల మీద ఫోన్ మోగింది. ల్యాబ్ నుంచి. డాక్టరమ్మ దానివైపు చూస్తూ కూర్చుంది. ఎత్తలేదు.