మొదటి పరుపు

వంతెన కొట్టుకుపోయిన వరద ఏడాది ఇది జరిగింది. నీళ్ళు తగ్గి నెల దాటింది. ఊళ్ళో సగం మందికి పడుకోవడానికి పరుపు లేదు. పరుపులు కుట్టే పెద్దాయన దుకాణంలో దూది లేదు. ఉన్నదంతా వరద తినేసింది.

ఆ పొద్దున కోడలు వసారాలో కూర్చుని దబ్బనంలోకి దారం ఎక్కిస్తోంది. అత్తగారు టీ గ్లాసులు తెచ్చింది. నాలుగడుగులు వేస్తే ఆవిడకు ఆయాసం. గుమ్మం పట్టుకుని నిలబడింది.

కొడుకు ఈల వేసుకుంటూ మేడ దిగాడు. నెత్తిన దూది మూట.

"చూడండి నాన్నా, మల్లెపువ్వులా లేదూ? గోదాములో తడిసిందని కారుచవగ్గా ఇచ్చారు. మేడ మీద ఎండబెట్టి ఏకించాను. నిన్న నేనే కొన్ని పరుపులు కుట్టి మన వీధిలో అమ్మేశాను కూడా!"

పెద్దాయన గుప్పెడు దూది తీసి వాసన చూశాడు. కోడలికి అందించాడు.

"బూజు కంపు కొడుతోందండీ. పైకి ఆరింది గానీ లోపల ముక్కిపోయింది," అంది కోడలు.

"ముక్కు నీకొక్కదానికే ఉందా? కొన్నవాళ్ళకీ ఉంది. వాళ్ళేం అనలేదే!"

"నేల మీద పడుకునేవాళ్ళు ఏమంటారు? ఏదిచ్చినా తీసుకుంటారు."

"అయితే దుకాణానికి తాళం వేసుకుందామా? ఈ సీజను పోతే మనమూ నేల మీదే!"

ఆ ఇంట్లో ఒక పద్ధతి ఉంది. కొత్త దూది వస్తే మొదటి పరుపు ఇంటికే. ఇంట్లోవాళ్ళు దాని మీద ఒక రాత్రి పడుకుని లేచాకే మిగతావి బజారుకు వెళ్ళాలి. పెద్దాయన తండ్రి పెట్టిన పద్ధతి అది. తొందరలో కొడుకు దాన్ని దాటేశాడు.

"సరే, కుడతాను," అంది కోడలు. "మొదటిది అత్తయ్య మంచం మీద వేయనా?"

"అమ్మకొద్దు!" కొడుకు నోట్లోంచి ఠక్కున వచ్చింది. "ఆవిడకసలే ఆయాసం..."

మాట మధ్యలోనే ఆగిపోయింది.

తల్లి టీ గ్లాసు కింద పెట్టింది. "ఊళ్ళో ఆయాసం నాకొక్కదానికేనట్రా? ఎదురింటి ముసలాయనకు నిన్న నువ్వే అమ్మావు. రాత్రంతా ఆయన దగ్గుతుంటే నాకు నిద్ర పట్టలేదు."

కొడుకు మూట మీద కూలబడి మొహం కప్పుకున్నాడు. "ఇల్లు గడవాలని చేశానమ్మా."

కోడలు వెళ్ళి అతని భుజం మీద చెయ్యి వేసింది. "గడుపుకుందాం. మెట్ట పొలాల్లో ఎండుగడ్డి తడవలేదట. గడ్డి పరుపులు కుడదాం. గడ్డి అని చెప్పే అమ్ముదాం. మిగిలేది తక్కువే, మిగలనీ."

పెద్దాయన మొలలోంచి దుకాణం తాళాలు తీసి కోడలి చేతిలో పెట్టాడు. "మా నాన్న ఉంటే నీకే ఇచ్చేవాడు," అన్నాడు. ఆయన కళ్ళు మెరిశాయి.

కొడుకు కళ్ళు తుడుచుకున్నాడు. "మరి నా జీతం ఎంత యజమానురాలా?"

"ముందు పని చూపించండి, తర్వాత చూద్దాం," అంది కోడలు. తల్లి ఆయాసపడుతూనే నవ్వింది.

మర్నాడు పొద్దున్నే తోపుడుబండి వీధిలోకి వచ్చింది. ఇంట్లో కూడా గొంతు పెంచని పెద్దాయన నడివీధిలో నిలబడి కేక పెట్టాడు.

"మా దగ్గర కొన్న పరుపులు మంచివి కావు! తిరిగిచ్చేసి డబ్బు పట్టుకుపోండి!"

ఒక్కో తలుపూ తెరుచుకుంది. వెనక బండి తోస్తున్న కొడుకు తల వంచుకున్నాడు. పెద్దాయన వాడి గడ్డం పట్టుకుని పైకెత్తాడు.

"తలెత్తుకుని నడు. ఈ బండి మనది," అన్నాడు. ఎదురింటి ముసలాయనకు అమ్మిన పరుపును పెద్దాయన తన చేతులతోనే బండికెక్కించాడు.