నాలుగు మిల్లీమీటర్ల కుట్ర

"విమానం కూలాలి. మనిషి చావాలి. పేపర్లో మాత్రం యాక్సిడెంట్ అని రావాలి. ఇదీ వాళ్ల ప్లాన్."

ఉప్పల్ స్కైవాక్ మీద పల్లీలు నములుతూ అన్నాడు ఇంటెలిజెన్స్ డిపార్ట్‌మెంట్ చీఫ్ జగన్మోహన్. పక్కనే రెయిలింగ్‌కి ఆనుకున్న ఏజెంట్ మహిపాల్ కింద ట్రాఫిక్ చూస్తున్నట్టు నటిస్తున్నాడు.

"టార్గెట్ ఎవరు సర్?"

"సీతారామయ్య. రిటైర్డ్ సైంటిస్ట్. మన కొత్త రాడార్ సగం ఆయన బుర్రలోనే ఉంది. నాచారంలో షెడ్డు తీసుకుని సొంతంగా టూ సీటర్ విమానం కట్టుకుంటున్నాడు. దసరా వెళ్లగానే ఎగరేస్తాడట. ఇంట్లో చేసుకున్న విమానం కూలితే విదేశీ ముఠాని ఎవరు అనుమానిస్తారు?"

"ఎగరొద్దని చెప్పొచ్చు గద?"

"చెప్పాం. ఆయన భార్య పెళ్లయినప్పటి నుంచీ చెబుతోంది. వింటేగా!"

పల్లీల పొట్లం చేతులు మారింది. అడుగున ఒక కీచైన్, అగ్గిపెట్టె అంత రిసీవర్.

"రిసీవర్ ఇంజన్‌లో దాచు. కీచైన్ నొక్కితే ఇంజన్ ఆగుతుంది. బాగా దగ్గర్లో ఉంటేనే. గాల్లోకి లేచాక నొక్కావో, వాళ్ల పని నువ్వే చేసినట్టు."

"లోపల మనోళ్లెవరన్న ఉన్నరా?"

"స్పందన. ముఠాలో చేరి మనకు కబుర్లు పంపుతోంది. పాస్‌వర్డ్ 'పాలపిట్ట కనబడిందా'. ఆమె మాట నమ్ము."

నమ్మమన్నారు కదా, మహిపాల్ కొంచెం ఎక్కువే నమ్మాడు.

బాలరాజు అనే పేరుతో, మాసిన చొక్కాతో, రివెట్లు కొట్టే పనివాడిగా షెడ్డులో చేరాడు. ఇంజన్ చూశాడు, రిసీవర్ అందులో దాచాడు. ట్యాంకు చూశాడు. బ్రేకులు, కంట్రోల్ కేబుళ్లు, సీటు బెల్టులు కూడా చూశాడు. ఎక్కడా ఏమీ లేదు. ఏమీ లేకపోవడమే అతనికి నిద్ర పట్టనివ్వలేదు. చాయ్ తాగుతుంటే మధ్యలో లేచి వెళ్లి మళ్లీ ట్యాంకు మూత విప్పి చూసేవాడు.

అలాంటప్పుడు స్పందన వచ్చింది. విమానం విడిభాగాలు పంపిన విదేశీ కిట్ కంపెనీ ప్రతినిధి వేషం, నల్ల కళ్లద్దాలు, గ్రీజు మరకల మధ్య ఎత్తు మడమల చెప్పులు. పక్కన నిలబడి మెల్లగా అడిగింది.

"పాలపిట్ట కనబడిందా?"

"కనబడ్డది. ఎగిరిపోయింది."

"నువ్వు ఇంజన్ చూసుకో. తోక సంగతి నేను చూస్తాను."

మహిపాల్ తలూపాడు. మనసు పారేసుకున్నవాడు ఇంకేం చేస్తాడు?

దసరా నాడు సీతారామయ్య భార్య రత్నకుమారి స్పానర్లు, డ్రిల్లు, రివెట్ గన్ అన్నీ అమ్మవారి పటం ముందు పేర్చింది. ఆ తర్వాత విమానం చుట్టూ తిరుగుతూ ఒక్కో బోల్టుకీ పసుపు రాసి కుంకుమ పెట్టింది.

"ఏవిటోయ్ ఇది? తుప్పు పడుతుంది!" అన్నాడు సీతారామయ్య.

"పడితే తుడుచుకోండి."

పూజలో పెట్టిన పనిముట్టు ఆ రోజు నాచారంలో ఎవరూ ముట్టరు. షెడ్డుకు తాళం వేసి అందరూ జమ్మిచెట్టు దగ్గరికి వెళ్లారు.

మర్నాడు పొద్దున్నే గొడవ మొదలైంది. తోక మీద నిలువుగా ఉండే ఫిన్ పైకొస నుంచి, అడ్డరెక్క రెండు చివరలకూ సీతారామయ్య దారం లాగి కొలిచాడు. రెండు కొలతలూ సమానంగా రావాలి. నాలుగు మిల్లీమీటర్ల తేడా వచ్చింది.

"పండక్కి ముందు సమానంగా ఉంది. నేనే చూశాను!"

"దారం కదా అంకుల్, సాగుతుంది," అంది స్పందన.

"సాగితే రెండు పక్కలా సాగాలి కదమ్మా?"

ఆమె బ్యాగులోంచి లేజర్ పరికరం తీసింది. పచ్చ లైటు వెలిగింది. జీరో ఎర్రర్. పెద్దాయన మహిపాల్ వైపు చూశాడు. మహిపాల్ స్పందన వైపు చూశాడు.

"లేజరే కరెక్ట్ సార్," అన్నాడు.

బయట డీసీఎం వ్యాన్ హారన్ కొడుతోంది. రెక్కలు ఊడదీసి ఎక్కించారు. దారం ఉండ చుట్టి జేబులో వేసుకుని పెద్దాయన గొణుక్కుంటూ ముందు సీట్లో కూర్చున్నాడు.

అన్నోజిగూడ దాటాక, ఒక ప్రైవేట్ రన్‌వే. రెక్కలు బిగించారు. రత్నకుమారి హారతిచ్చి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టింది. సీతారామయ్య ఒక్కడే ఎక్కి కూర్చున్నాడు. ఇంజన్ గర్జించింది. విమానం నిమ్మకాయలు తొక్కుకుంటూ రన్‌వే చివరికి బయల్దేరింది.

మహిపాల్ కాళ్లు ఒక్కచోట నిలవడం లేదు. ఏదో వదిలేశాడు. ఏమిటది?

"ఆ తోక దగ్గర కింది బోల్టుకి బొట్టెవరు పెట్టారయ్యా?" అంది రత్నకుమారి విసుగ్గా. "పసుపు లేదు. వట్టి కుంకుమ. ఆయనకి చెబితే కసురుకున్నారు."

"మీరు పెట్టలేదా అమ్మా?"

"పసుపు రాయకుండా కుంకుమ నేనెందుకు పెడతాను?"

మహిపాల్‌కి అప్పుడు వెలిగింది. పూజ అయ్యాక ఎవరో ఆ బోల్టు మార్చారు. మార్చి, ఎవరికీ తేడా తెలియకుండా బొట్టు పెట్టారు. ముందు పసుపు రాయాలని తెలియనివాళ్లు. తోక సంగతి నేను చూస్తానన్నవాళ్లు.

వెనక్కి తిరిగాడు. స్పందన చేతిలో పిస్టల్ ఉంది.

"కదలకు మహిపాల్."

"బాలరాజూ, మహిపాల్ ఎవరు?" అంది రత్నకుమారి.

"నువ్వు మనోళ్లకే పన్జేస్తున్నవ్ అనుకున్న," అన్నాడు మహిపాల్. గొంతులో కోపం కంటే బాధే ఎక్కువగా ఉంది.

"ఇద్దరికీ చేస్తున్నాను. వాళ్లు బాగా చూసుకుంటారు. ఫస్ట్ టర్న్‌లో ఫిన్ ఊడిపోతుంది. అప్పటిదాకా నిలబడు."

మొగుడు చావబోతున్నాడన్న ముక్క ఒక్కటే రత్నకుమారికి అర్థమైంది. చేతిలోని హారతి పళ్లెం ఎత్తి స్పందన మొహాన కొట్టింది. ఈసారి కుంకుమతో పాటు పసుపు కూడా పడింది. కళ్లు మూసుకుపోయి స్పందన పేల్చిన గుండు ఆకాశంలోకి పోయింది. మహిపాల్ పిస్టల్ లాక్కుని, ఆమె చేతులు వెనక్కి విరిచి డీసీఎం డ్రైవర్‌కి అప్పజెప్పాడు.

విమానం రన్‌వే మీద వేగం అందుకుంటోంది. పక్కనే రత్నకుమారి వచ్చిన స్కూటీ ఉంది. ఎక్కాడు. గడ్డిలో అడ్డంగా దూసుకెళ్లాడు. కీచైన్ నొక్కాడు. పని చేయలేదు. ఇంకా దగ్గరికి పోవాలి. విమానం ముందు చక్రం నేల విడిచింది. హ్యాండిల్ ఒక చేత్తో పట్టుకుని మళ్లీ నొక్కాడు.

ఇంజన్ ఆగింది. ముందు చక్రం దబ్బున నేలకు తగిలింది. విమానం ఊగుతూ పోయి గడ్డిలో నిలిచింది.

మహిపాల్ ఫిన్‌ని అరచేత్తో నెట్టాడు. బోల్టు చాక్‌పీసులా విరిగింది.

దిగొచ్చిన సీతారామయ్య ఆ ముక్క చూశాడు. గడ్డి మీద కూలబడ్డాడు. పరుగెత్తుకొచ్చిన రత్నకుమారి పక్కనే కూర్చుని, ఏమీ తిట్టకుండా ఆయన చెయ్యి పట్టుకుని ఏడ్చింది. ఆమె తిట్టకపోవడంతో ఆయనకు నిజంగా భయం వేసింది.

ఎండ నెత్తికెక్కేసరికి డిపార్ట్‌మెంట్ జీపు వచ్చి స్పందనను తీసుకెళ్లింది. కొంతసేపటికి చీఫ్ ఫోన్ చేశాడు.

"వెల్‌డన్ మహిపాల్. మిషన్ ఓవర్. ఆఫీసుకి వచ్చెయ్."

"రాలేను సర్. దారం పట్టుకున్న."

"ఏం దారం?"

"కొత్త బోల్టు వేసిన్రు. ఫిన్ మళ్ల కొలుస్తున్నరు. లేజర్ కరెక్టని నేనే అన్న గద, గందుకని నన్నే పట్టుకోమన్నరు."

"వదిలేసి రా."

నోట్లో పెన్సిలు, చేతిలో టేపుతో సీతారామయ్య ఇటే ఉరిమి చూస్తున్నాడు.

"ముఠా చేతిల బతికి బయటపడ్డ సర్," అన్నాడు మహిపాల్ గొంతు తగ్గించి. "ఇది వదిలితే మాత్రం ఈ సారు బతకనియ్యడు."