గడప ఎవరిదంటుందో

శుక్రవారం ఉదయం కనకరత్నం తను అద్దెకిచ్చిన నాలుగో ఇంటి గడపకు పసుపు రాస్తోంది. అద్దెకున్న హైమ పక్కన నిలబడి చూస్తోందే తప్ప చెయ్యి వెయ్యడం లేదు. వెయ్యకూడదని ఒప్పందంలోనే రాసి ఉంది.

కాకినాడలో ఇప్పుడు ప్రతి గడపలోనూ మమతమాపని అనే చిన్న యంత్రం ఉంటుంది. ఇల్లు ఎవరు ఊడ్చారు, ముగ్గు ఎవరు పెట్టారు, కారే కుళాయి ఎవరు బాగుచేయించారు, అన్నీ గమనించి, ఆ మేరకు ఇంట్లో వాటాను వాళ్ల పేరుకు జరుపుతుంది. అద్దెకున్నవాళ్ల మేలు కోరి తెచ్చిన చట్టం అది. ఇళ్లవాళ్లు అంతకన్నా తెలివైనవాళ్లు, అద్దెకున్నవాళ్లను చీపురు ముట్టుకోనివ్వడం మానేశారు. ఒక ఇంటి అద్దెతో ఇంకో ఇంటి వాయిదా కడుతూ కనకరత్నం నాలుగిళ్లు కూడబెట్టింది. ఒక్కటి పోయినా మిగతావి నిలవవు. అందుకే తెల్లారితే చాలు, ఇంటింటికీ తిరిగి తనే ఊడ్చి కడిగి వస్తుంది.

ఇంతలో కనకరత్నం సంచిలోని చేతిపలక మోగింది. "మీ పేరున్న ఒక ఇంట్లో మీ వాటా పూర్తిగా పోయింది." వివరాలు కింద ఉన్నాయి. కనకరత్నం అంతదాకా చదవలేదు.

"నేను లేనప్పుడు తుడుస్తున్నావు కదూ? నిజం చెప్పు."

"అయ్యో, లేదండి పిన్నిగారూ."

కనకరత్నం లోపలికి వెళ్లి కిటికీ అంచున వేలు పెట్టి చూసింది. దుమ్ము. వంటగట్టు వాసన చూసింది. తుడిచిన జాడేమీ లేకపోవడమే ఆవిడకు మరింత అనుమానంగా తోచింది.

"పిల్లకి ఉయ్యాల కూడా కట్టలేదండి, కొక్కెం కొడితే ఏమంటారో అని. ఒళ్లోనే పడుకోబెడుతున్నాను. ఇంకేం చూస్తారు?" అంది హైమ.

ఇంత అమాయకంగా మాట్లాడేవాళ్లను అసలు నమ్మకూడదనుకుంది కనకరత్నం.

"నెలాఖరుకి ఖాళీ చేసెయ్."

హైమ ఏడుస్తుంటే వినలేక, విననట్టు నటిస్తూ మెట్లు దిగింది. దారి పొడుగునా లోపల తిట్టుకుంటూనే ఉంది.

తన సొంత ఇంటికి చేరేసరికి ఎండ ముదిరింది. గుమ్మంలో పసుపు పచ్చగా ఉంది, ముగ్గు చక్కగా ఉంది. ఇక్కడ తను చీపురు పట్టి ఎన్నాళ్లయిందో ఆవిడకు గుర్తు లేదు. కాలు పెట్టబోతుంటే గడప మృదువుగా పలికింది.

"అతిథి వచ్చారు."

కనకరత్నం ఆగిపోయింది. పలక తీసి కింది వరుస చదివింది. పోయింది హైమ ఉన్న ఇల్లు కాదు, ఇదే. వాటా అంతా భర్త భాస్కరం పేరున ఉంది.

వంటింట్లో కూర తరుగుతున్న భాస్కరం తలెత్తకుండానే కేకేశాడు.

"రండి, కూర్చోండి. కనకరత్నం కోసమైతే ఇంట్లో లేదండి. ఎప్పుడొస్తుందో నాకూ తెలీదు."

కనకరత్నానికి ఏడుపొచ్చింది. నేనేనండీ అనబోయి, గడప బయటే నిలబడిపోయింది.