రాంచందర్ ఇంటి గేటు

హనుమకొండలోని ఆ గల్లీలో ఎవరిని అడిగినా చెబుతారు — రాంచందర్ ఇంటి పై పోర్షన్‌లో దిగినవాళ్లు పదకొండు నెలల అగ్రిమెంటు పూర్తి చేసిన పాపాన పోలేదని. రాత్రి రెండు దాటిందంటే గేటు గొళ్లెం దానంతటదే కొట్టుకుంటుందట. నిరుడు అక్కడ కిరాయికున్న మొగిలయ్య పోయాడు. అప్పట్నుంచే ఈ చప్పుడు...

హారికకు ఈ సంగతి తెలిసింది సామాన్లన్నీ సర్దుకున్నాకే. అత్త వినోద మంచం పట్టింది. భర్త అనిల్‌ది కాజీపేట స్టేషన్ క్యాంటీన్‌లో నైట్ డ్యూటీ. చెవులు మూసుకుని మూడు నెలలు గడిపింది పాపం. ఇక వల్లగాక ఓనర్ రాంచందర్‌ను అడిగింది.

“ఖాళీ చేస్తం అంకుల్. మా అడ్వాన్స్ ఇచ్చెయ్యుండ్రి.”

“ఇంక ఎనిమిది నెలలున్నయి గదమ్మా. మధ్యల పోతే రూపాయి రాదు. దయ్యమని అగ్రిమెంట్లు చింపుకుంటరా ఎవలన్న?”

ఆ అడ్వాన్స్ చేతికి రాకపోతే ఇంకో ఇంటి గడప తొక్కలేరు. అనిల్ జీతం అత్త మందులకే చాలడం లేదు. ముందు నుయ్యి, వెనుక గొయ్యి.

మొన్న ఆదివారం రాత్రి అత్తకు ఊపిరి బరువెక్కింది. అనిల్ ఫోన్ ఎత్తడం లేదు. సరిగ్గా అప్పుడే —

టక్... టక్...

హారికకు ఈసారి భయం కన్నా కోపమే ఎక్కువొచ్చింది. ఫోన్ లైటు వేసుకుని మెట్లు దిగింది. గేటు సందులోంచి ఒక చెయ్యి... ఎముకల చెయ్యి... గొళ్లాన్ని కదిలిస్తోంది.

“ఎ... ఎవరు?”

“నేను బిడ్డా... మొగిలమ్మను.”

మొగిలయ్య భార్య! బతికున్న మనిషే. పక్క గల్లీలో ఉంటుంది.

“నిరుడు ఈ యాళ్లకే దవాఖాన్ల నుంచి ఆయన్ను తెచ్చిన. కిరాయోళ్ల శవం లోపలికొస్తే ఇంటికి అరిష్టమని మీ ఓనర్ గేటు తియ్యలె. రోడ్డు మీదనే పండవెట్టిన. ఎన్నడన్న తీస్తడేమో అని... అడుగుడు మానలేకపోతాన బిడ్డా.”

ఇన్నాళ్లూ తను వణికింది ఈ ముసలమ్మకా అని హారికకు సిగ్గేసింది.

వెనక కింది పోర్షన్ తలుపు కిర్రుమంది. రాంచందర్! చేతిలో కవరుంది. మొగిలమ్మను చూసి ఉలిక్కిపడనైనా లేదు. ఆ చప్పుడు ఎవరిదో ఆయనకు మొదట్నుంచీ తెలుసు.

“మీ అత్త దగ్గు ఇనవడతలేదు...” గుసగుసగా అడిగాడు. “ఊపిరి ఎగపోస్తాందా?”

హారిక తలూపింది.

“ఇగో, మీ అడ్వాన్స్. పైసా కోయలె. ఆటోకు ఫోన్ చేసిన. పానం ఉండంగనే ఈ ఇంట్లకెల్లి తీస్కపోండ్రి.”

“ఎనిమిది నెలలున్నయన్నరు గద అంకుల్...”

“దానిదేముందమ్మా. మనం రాసుకున్న కాయితమే గద.”

గల్లీ మలుపులో ఆటో లైటు కనబడింది. హారిక కవరు అందుకోలేదు. ఏం చేయాలో తోచక మొగిలమ్మ వైపు చూసింది.

మొగిలమ్మ ఏడవలేదు, శాపనార్థాలూ పెట్టలేదు. రోడ్డు వారకు పోయి వంగింది. నిరుడు మొగిలయ్యను పండబెట్టిన జాగాలోనే కంకర రాళ్లు ఏరి పక్కకేసింది. కొంగుతో దుమ్ము తుడిచింది.

“మీ అత్తను తెచ్చినంక ఈడ పండవెట్టు బిడ్డా... మధ్యాహ్నం దాక నీడుంటది.”