ఒక్క దెబ్బంటే ఆగమని

ముందు మీరు ఏం చూశారో చెప్పండి. ఆ పొద్దున పొగమంచులో, కొండ దారి పెద్ద రోడ్డులో కలిసేచోట మీ బస్సు నెమ్మదించింది. కిటికీ పక్కన కూర్చున్నది మీరే. తోక రోడ్డు మీదకి పొడుచుకొచ్చి ఒక లారీ ఆగి ఉంది. దాని వెనక ఒక మనిషి నిలబడి, పక్కనుంచి పొమ్మని మీ బస్సుకి చెయ్యి ఊపాడు. మీ డ్రైవరు పోనిచ్చాడు. మీరు అద్దం లాక్కుని మళ్లీ కునుకు తీశారు. ఆ చెయ్యి ఊపినవాడు ఎలా ఉన్నాడు? ముసలా, పడుచా? ముఖం ఎటు తిరిగి ఉంది? గుర్తు లేదంటే కుదరదు. బస్సు నిండా జనం, ఒక్కరికీ గుర్తు లేదు. అందుకే మొదటినుంచీ చెప్పాల్సి వస్తోంది.

ఆ లారీ నడిపినవాణ్ణి లారీల అడ్డాలో అందరూ స్టెప్నీ అనేవాళ్లు. స్టెప్నీ అంటే బండికి వేలాడే అదనపు చక్రం. పంక్చరు పడితే తప్ప దాని మొహం ఎవరూ చూడరు. పనిచేసే మిల్లు మూతబడ్డాక, పెళ్లాం బిడ్డలున్న వయసులో, హెవీ లైసెన్సు తెచ్చుకుని మేనమామ బండెక్కాడు. మామకి జుట్టు స్టీరింగు దగ్గరే నెరిసింది. ఆయన ఓనరు దగ్గరికెళ్లి "వీడికి బండి ఇవ్వొచ్చు" అంటే చాలు, స్టెప్నీ చేతికి ఒక లారీ వస్తుంది. ఆ మాట కోసం స్టెప్నీ టైర్లు కడిగాడు, మామ బట్టలు ఉతికాడు, తిట్లు తిన్నాడు. మామ అనడు. "ఇంకా పచ్చిగా ఉన్నావురా అల్లుడూ" అంటాడు, అదీ నలుగురూ వినేలా.

ముందురోజు సాయంత్రం టీ కొట్టు దగ్గర మామ రూటు చెప్పాడు.

"రూటంటే బండి పోయే దారి అనుకుంటున్నావు. కాదు. బండి తిరిగి రాగలిగే దారి. డీజిలెక్కడ, నిద్రెక్కడ, ఎత్తు తక్కువ వంతెనెక్కడ, తిప్పుకునే జాగా ఎక్కడ... ఇవన్నీ తెలిశాకే తాళం తిప్పాలి."

"ఫోన్లో కొండ దారి దగ్గర చూపిస్తోంది మామా."

"ఫోను కార్లకి చెబుతుందిరా. నీ వీపు మీద ఎంత బరువుందో దానికేం తెలుసు? ఆ దారిలో దూరిన లారీ బయటికి రావాలంటే వెనక్కి నడుచుకుంటూ రావాలి. అందుకే చుట్టూ పోతాం."

టీ కొట్టాయన గ్లాసులు కడుగుతూ అన్నాడు, "స్టెప్నీకి ఇవన్నీ ఎందుకన్నా? ఎక్కడ తగిలిస్తే అక్కడ వేలాడతాడు."

బెంచీ మీదున్న డ్రైవర్లు నవ్వారు. మామా నవ్వాడు. స్టెప్నీ కూడా పళ్లు బయటపెట్టాడు, పెట్టకపోతే ఇంకా నవ్వుతారు కాబట్టి. నవ్వినవాడు గ్లాసు పెట్టి లేచిపోతాడు. నవ్వించుకున్నవాడి కడుపులో పొయ్యి మాత్రం ఆరదు.

రాత్రంతా మామే నడిపాడు. తెల్లవారాక స్టీరింగు అప్పగించి, సీటు వెనక పలక మీద ఒరిగాడు. "దారి చీలిక రాగానే లేపు" అన్నాడు.

చీలిక వచ్చింది. స్టెప్నీ లేపలేదు. మామ కళ్లు తెరిచేసరికి దింపాల్సిన గోడౌను ఎదురుగా ఉండాలి. అప్పుడు ఏమంటాడో చూద్దాం అనుకున్నాడు. బండిని కొండ దారిలోకి తిప్పాడు.

తెల్లగా ఉంది. పొగమంచు అద్దానికి అతుక్కుని, లైటు వేస్తే లైటునే తిరగ్గొడుతోంది. తడిమట్టి వాసన. దాని కింద ఇంకేదో వాసన... చాలాకాలం మూసిపెట్టిన ఇనప్పెట్టె తెరిచినట్టు. ఒక పక్క కొండ, ఒక పక్క ఏమీ లేదు. దారి సన్నబడింది. కొమ్మలు బాడీని గీరుతున్నాయి. ఒక మలుపు తిరిగేసరికి కొండ విరిగి దారి మీద పడి ఉంది. బండరాళ్ల మీద నాచు పట్టింది. ఎప్పుడో పడ్డాయి. ఎవరూ తియ్యలేదు.

బ్రేకు కుదుపుకి మామ లేచాడు. అద్దంలోంచి చూశాడు.

"ఈత రానివాణ్ణి లోతు చూడమన్నాను. నాదే బుద్ధి తక్కువ," అన్నాడు.

"మామా, ఓనరుకి చెప్పకు."

"చెబుతాను. చెప్పకపోతే రేపు ఎవణ్ణో చంపుతావు. ఇంకో ఏడాది టైర్లు కడుక్కో."

ఆ ఏడాది అనే మాట స్టెప్నీ గుండెలో మేకులా దిగింది. మామ తువ్వాలు భుజాన వేసుకుని దిగాడు. దిగినవాడు మళ్లీ తలుపు పట్టుకుని పైకి చూశాడు.

"అద్దంలో నేను కనబడితేనే కదులు. కనబడకపోతే ఆగిపో. బాడీ మీద రెండు కొడితే రమ్మని. ఒక్కటి కొడితే ఆగమని. సరేనా?"

"సరే."

"సరే కాదు. చెప్పు."

"రెండు కొడితే రమ్మని. ఒక్కటి కొడితే ఆగమని."

లారీ వెనక్కి కదిలింది. ఎడమ అద్దంలో మామ, భుజం మీద తువ్వాలు, ఊగుతున్న చెయ్యి. "రానీ... రానీ... ఎడమకి కొట్టరా గాడిదా, కుడిపక్క లోయ... ఆ, రానీ..." మధ్యలో బీడీ దగ్గు. మళ్లీ "రానీ".

మంచు చిక్కబడింది. చెయ్యి పోయింది. తువ్వాలు పోయింది. అద్దంలో తెలుపు తప్ప ఏమీ లేదు.

స్టెప్నీ ఆగాడు. చెప్పినట్టే ఆగాడు. ఆ సంగతి నేను కాదనను.

ఇంజిను గురక తప్ప చప్పుడు లేదు. "మామా," అని పిలిచాడు. ఇనప్పెట్టె వాసన క్యాబిన్లోకి వచ్చింది.

రెండు దెబ్బలు. టక్... టక్.

"రానీ డ్రైవరూ."

గొంతు మామదే. కానీ మామ ఎన్నడూ అతన్ని డ్రైవరని పిలవలేదు. ఆ గొంతులో బీడీ దగ్గు లేదు. ఊపిరి తీసుకున్న జాడ కూడా లేదు.

"రానీ డ్రైవరూ... నీ చెయ్యి నాకు తెలుసు... రానీ."

అది మామ కాదని అతనికి తెలుసు. తెలియలేదని ఎవరన్నా అంటే నమ్మకండి. ఒళ్లంతా వద్దంటోంది. ఒక్క చెవి మాత్రం, ఇంకొక్కసారి అనిపించుకుందాం అంటోంది.

బ్రేకు మీంచి కాలు లేచింది.

బండి వెనక్కి పోతోంది. గీత గీసినట్టు పోతోంది. అతని చేతులు అంత బాగా తిప్పడం అతనికే వింత. "అదీ... చెయ్యంటే అదీ డ్రైవరూ..."

ఎక్కడో దగ్గు వినబడింది. బండి వెనకనుంచి కాదు... కిందనుంచి.

ఒక్క దెబ్బ.

చాలా కిందనుంచి. చక్రాల దగ్గర్నించి.

మళ్లీ ఒక్క దెబ్బ.

"రాయి తగిలింది డ్రైవరూ," అంది గొంతు మెత్తగా. "ఆగితే అందరూ నవ్వుతారు. రానీ."

వెనక చక్రం లేచింది. దిగింది. రాయి మీంచి చక్రం అలా మెత్తగా దిగదు. ఆ తర్వాత ముందు చక్రం కూడా లేచి దిగింది. స్టెప్నీ పక్కద్దం మీంచి కళ్లు తిప్పలేదు. రెండు దెబ్బలు వినబడుతూనే ఉన్నాయి. అతను వెనక్కి వస్తూనే ఉన్నాడు.

వెనక చక్రాలు పెద్ద రోడ్డు ఎక్కాయి. మీ బస్సు హారను కొట్టుకుంటూ పోయింది. మంచు విడింది. అప్పుడు స్టెప్నీ మొదటిసారి ఎదురుగా, ముందద్దంలోంచి చూశాడు. ఎక్కడా వంకర లేని టైరు జాడలు. వాటి మీద తువ్వాలు. తువ్వాలుకి కొంచెం అవతల మామ.

పరిగెత్తి తల ఒళ్లో పెట్టుకున్నాడు. మామకి ఇంకా ప్రాణం ఉంది.

"ఒక్కటే... కొట్టాను కదరా."

"వెనక ఎవరున్నారు మామా? ఎవరు నన్ను పిలిచింది?"

మామ లారీ వైపు చూడలేదు. అల్లుడి మొహమే చూశాడు.

"విన్నావు కదరా," అన్నాడు. "విన్నావు."

అంతే. కళ్లు తెరుచుకునే ఉండిపోయాయి.

పొగమంచు, ఇరుకు దారి, ప్రమాదం అన్నారు. ఇంటి దగ్గర అత్త ఏడవలేదు. గుమ్మంలో కూర్చుని అడిగింది.

"చివర్లో మీ మామ ఏమన్నాడురా?"

"నన్ను డ్రైవరూ అన్నాడత్తా."

ఆమె అతని వైపు చాలాసేపు చూసింది. "ఆయన అలా అనడే," అని మాత్రం అంది. అదే మాట ఓనరుకి చెబితే, ఆయన అంతసేపు చూడలేదు. చచ్చిపోతూ ఒక మనిషి అన్న మాటని ఎవడు కాదంటాడు? టైరు జాడలు చూసొచ్చిన డ్రైవర్లు కూడా ఒప్పుకున్నారు, అంత తిన్నగా వెనక్కి తేవడం తమవల్ల కాదని. లారీ చేతికొచ్చింది. స్టెప్నీ అనే పేరు ఊడిపోయింది. టీ కొట్టాయన కూడా "ఏం డ్రైవరూ" అని గ్లాసు ముందుకు జరిపేవాడు. అలా పిలిచిన ప్రతిసారీ అతను వెనక్కి తిరిగి చూసేవాడు.

ఆ తర్వాత అతను రూటు వేసుకునే తీరు చూసి అడ్డాలో అందరూ మెచ్చుకున్నారు. ఏ గోడౌనుకి రెండు గేట్లున్నాయి, ఏ పెట్రోలు బంకులో చుట్టు తిరగొచ్చు, ఎక్కడ బండి నిలిపితే పొద్దున ముందుకే కదలొచ్చు... అన్నీ కంఠతా వచ్చు. మామని మించాడన్నారు. వెనక్కి పోకుండా బతకడానికే అదంతా అని ఎవరికీ తోచలేదు.

కానీ దారులన్నీ మనం వేసుకున్నట్టు ఉండవు. ఒక మిట్టమధ్యాహ్నం, లోడు దింపాల్సిన గోడౌనుకి ఒకటే గేటు. లోపల తిప్పుకునే జాగా లేదు. వెనక్కే పోవాలి. ఒక ముసలి హమాలీని బతిమాలి వెనక నిలబెట్టాడు. ఎండ నిప్పులు చెరుగుతోంది. అద్దంలో హమాలీ స్పష్టంగా కనబడుతున్నాడు. రివర్సు గేరు వేశాడు. కొంచెం కదిలాడో లేదో, హమాలీ విసుక్కుంటూ తలుపు దగ్గరికొచ్చాడు.

"నాతో పనేముందయ్యా? వెనక మీవాళ్లు ఇద్దరున్నారు కదా."

"నేను... ఒక్కణ్ణే వచ్చాను."

"బాగుంది వేళాకోళం. ఒకాయన గోడవైపు మొహం పెట్టి రానీ రానీ అంటాడు. ఇంకొకాయన చక్రాల మధ్య పడుకుని ఆగమని కొడతాడు. పాపం, చెయ్యి చితికిపోయినా కొడుతూనే ఉన్నాడు. ముందు వాళ్లిద్దర్నీ ఒక మాట మీదకి రమ్మను. నా తలగుడ్డ అక్కడే పడింది, తెచ్చుకుంటా."

హమాలీ బండి వెనక్కి వెళ్లాడు. వంగాడు. అద్దంలోంచి మాయమయ్యాడు.

అతను చెవులు రిక్కించాడు. కొడుతున్న చప్పుడు ఏదీ వినబడలేదు. ఎంత విన్నా వినబడలేదు. వినబడింది ఒకటే...

"రానీ డ్రైవరూ."

కాలు ఇంకా బ్రేకు మీదే ఉంది. పుట్టి బుద్ధెరిగాక మిమ్మల్ని ఎవరూ పిలవని పిలుపుతో, మీరు చచ్చేంత కోరుకున్న పిలుపుతో, అది మిమ్మల్నే పిలిస్తే... మీ కాలు అక్కడే ఉంటుందా?