ఆరువందల పన్నెండు గొంతులు

“వదినా! నువ్వు చేసిన పనేమిటో తెలుస్తోందా నీకు?”

చెప్పులైనా విడవకుండా గుమ్మంలోనే నిలబడి అడిగింది ఆడపడుచు. వదిన చంకలో ఎనిమిది నెలల పిల్లాడు పాల కోసం గుక్కపట్టి ఏడుస్తున్నాడు. నాలుగేళ్ళ కూతురు కుర్చీ ఎక్కి గోడమీది స్విచ్చులన్నీ వరసపెట్టి నొక్కుతోంది. పొద్దుటినుంచి నడుం వాల్చడానికి తీరని ఆ తల్లికి, తనను ఎవరు అడుగుతున్నారో, దేని గురించి అడుగుతున్నారో తెలియడానికే రెండు క్షణాలు పట్టింది.

“ఆరువందల పన్నెండు గొంతులు, వదినా! పనికిరావని తీసి పక్కన పడేశావు. అందులో అయిదువందల పైచిలుకు ఆడవాళ్ళవే! మిగిలినవాటితో పరీక్షచేస్తే మిషన్ అందర్నీ ఒకేలా అర్థం చేసుకుంటోందని తేలింది. ‘ఇంత పక్షపాతం లేని మిషన్ ఉంటే ఇక నీ పరిశోధన దేనికమ్మా’ అని మా మేడమ్ అందరి ముందూ నవ్వింది... ఇంకో పది రోజుల్లో కమిటీ ముందు నిలబడాలి నేను!”

ఇంట్లోవాళ్ళు సరదాగా ప్రొఫెసరమ్మ అని పిలుచుకునే ఆ అమ్మాయి యూనివర్సిటీలో డేటా సైన్సులో పరిశోధన చేస్తోంది. ఆసుపత్రికి ఫోన్ చేస్తే ఇప్పుడు మనిషికి బదులు మిషన్ పలుకుతుంది కదా, ‘మీ ఇబ్బంది చెప్పండి’ అని... ఆ మిషన్ ఎవరి మాట వింటోంది, ఎవరి మాట తోసేస్తోంది? అదే ఆమె తేల్చాల్సిన సంగతి. అందుకని రకరకాల మనుషుల చేత వాళ్ళ ఇళ్ళలోంచే మాట్లాడించి మూడువేల గొంతులు పోగుచేసింది. ఒక్కొక్కటీ విని, చెప్పింది చెప్పినట్టు రాయాలి. బాగాలేనిదానికి ‘పనికిరాదు’ అన్న బటన్ నొక్కాలి. ఆ పని ఏరికోరి వదినకే అప్పగించింది, ‘మా వదినవి పాము చెవులు, గోడ అవతల గుసగుస కూడా వినేస్తుంది’ అని. పిల్లాడు కునుకు తీసినప్పుడల్లా హెడ్‌ఫోన్ తగిలించుకుని మూడు నెలలు కూర్చుంది ఆమె. తొమ్మిదో తరగతిలో ఉండగా అమ్మ మంచాన పడితే ఆగిపోయిన చదువు తనది... ఇన్నేళ్ళకు ఒక పెద్ద చదువులో తన చెయ్యి కూడా పడిందని ఎంత మురిసిపోయిందో! ఆ మురిపెమంతా ఇప్పుడు నడివాకిట్లో ఒలికిపోయింది.

లోపలి గదిలోంచి అత్తగారు వచ్చారు.

“నేను ఆరోజే చెప్పాను, విన్నారా ఎవరైనా? దానికి పిల్లల ముక్కులు తుడవడానికే తీరదు. ఇంకేం, నీ చదువు కూడా కలిపి తుడిచేసింది!”

“అమ్మా, నువ్వు ఊరుకో.”

“ఎలా ఊరుకుంటాను! నోరు విప్పి ఒక్క ముక్క చెబుతుందేమో చూడు... ఊహూఁ!”

వదిన పిల్లాణ్ణి భుజాన వేసుకుని వంటింట్లోకి వెళ్ళిపోయింది. ఏడవడానికి కూడా ఓపిక లేదు. పాలసీసా కడుగుతూ, ‘ఈ చేతులకు ఇదే సరిపోయిన పని’ అనుకుంది.

సాయంత్రం భర్త వచ్చాడు. లిఫ్టులు బాగుచేసే ఉద్యోగం ఆయనది. తల్లి ఒకవైపు, చెల్లెలు ఒకవైపు చెప్పింది విని తల పట్టుకున్నాడు. “మీ మధ్య దూరితే రెండంతస్తుల మధ్య ఇరుక్కున్న లిఫ్టు గతే నాది. నన్ను వదిలేయండి తల్లీ!” అన్నాడు. నవ్వించాలనే అన్నాడు పాపం... ఎవరూ నవ్వలేదు.

రెండు రోజులు వదినా ఆడపడుచులు ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. మూడో రోజు మధ్యాహ్నం పిల్లలిద్దరూ నిద్రపోయాక ప్రొఫెసరమ్మే వచ్చి, చెయ్యి పట్టుకుని తీసుకువెళ్ళి కంప్యూటర్ ముందు కూర్చోబెట్టింది. పారేసిన గొంతుల్లోంచి ఒకటి పెట్టింది.

‘నాకు రెండు రోజుల్నుంచి కడుపులో... ఒరేయ్ దిగు, పడతావు!... కడుపులో నొప్పండీ, ఎడమ పక్క... ఉండు నాన్నా, ఇస్తాను... తిన్నాక ఎక్కువవుతోంది...’ వెనకాల గిన్నె పడిన చప్పుడు. ఏడుపు.

“ఏమంది వదినా?”

“రెండు రోజుల్నుంచి ఎడమ పక్క కడుపునొప్పి, తిన్నాక ఎక్కువవుతోందంది.”

“ఇది?” ఇంకోటి పెట్టింది.

“ఈవిడకి కళ్ళు తిరుగుతున్నాయి. పిల్లకి పాలిస్తోంది, మందు వేసుకోవచ్చా అని అడుగుతోంది.”

అలా ఏడు గొంతులు పెట్టింది. ఏడింటికీ వదిన తడుముకోకుండా చెప్పింది. ఆడపడుచు కుర్చీ ఇటు తిప్పింది.

“ఒక్క మాట పొల్లుపోకుండా వినబడుతున్నాయే నీకు! మరి పనికిరాదని ఎందుకు నొక్కావు? నా మీద ఏమైనా కోపమా వదినా?”

“అయ్యో, అంత మాటనకు!” అంది వదిన. “నువ్విచ్చిన సూచనల కాగితంలో ‘శుభ్రమైన మాటే ఉంచాలి’ అని ఉంది. ఇవి శుభ్రంగా ఉన్నాయా చెప్పు? గోల, ఏడుపులు, తిట్లు... పెద్దపెద్దవాళ్ళు కూర్చుని వింటారన్నావు. ఆ తల్లి పరువేం కావాలి? ఇల్లు దిద్దుకోవడం రాదు, పిల్లల్ని అదుపులో పెట్టుకోవడం రాదు అనుకోరూ? నేను వాళ్ళని దాచాననుకున్నాను అమ్మడూ... పారేశాననుకోలేదు!”

ఆ కాగితం ప్రొఫెసరమ్మ సొంతంగా రాసింది కాదు. అందరూ వాడుతున్నదే కదా అని ఎక్కడినుంచో ఎత్తి రాసింది. ఆ ఒక్క మాట దగ్గర ఆగి ఆలోచించలేదు.

“అయినా అలాంటి మాట మిషన్‌కి ఎక్కదులే,” వదిన కొంగుతో కళ్ళొత్తుకుంటూ మెల్లగా అంది. “నాకు తెలుసు.”

“నీకెలా తెలుసు?”

“బాబుకి రెండో నెలలో జ్వరం వచ్చిందే... మీరెవరూ ఇంట్లో లేరు. ఒళ్ళు కాలిపోతోంది, వాడు ఏడుస్తున్నాడు, పెద్దది నా కాళ్ళు చుట్టేసుకుని అదీ ఏడుస్తోంది. ఆసుపత్రికి ఫోన్ చేస్తే ‘మీ మాట అర్థం కాలేదు, మళ్ళీ చెప్పండి’ అంది మిషన్. మళ్ళీ చెప్పాను. మూడోసారీ అదే మాట... తర్వాత అదే ఫోన్ పెట్టేసింది. పిల్లాణ్ణి ఎత్తుకుని, పెద్దదాన్ని లాక్కుంటూ ఆసుపత్రి దాకా నడిచాను.”

“ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదు వదినా!”

“ఏముందని చెప్పను? చదువులేని నోరు, నాకే సరిగ్గా చెప్పడం రాలేదనుకున్నాను...”

ఆడపడుచు ఆమె ఒళ్ళో తల పెట్టుకుని బావురుమంది! దేశదేశాలవాళ్ళు రాసిన పుస్తకాలన్నీ తిరగేసింది, మూడేళ్ళుగా ఎవరి గొంతు తప్పిపోతోందా అని వెతికింది... ఆ గొంతు తనకు రోజూ అన్నం పెడుతూనే ఉంది! ఒక్కసారైనా ‘నీకు ఎప్పుడైనా ఇలా జరిగిందా వదినా’ అని అడిగిన పాపాన పోలేదు.

ఆ మర్నాటినుంచి పారేసినవన్నీ ఇద్దరూ కూర్చుని మళ్ళీ వినడం మొదలుపెట్టారు. వదిన చెబుతుంటే ఆడపడుచు రాసింది. పిల్లలు లేచినప్పుడల్లా పని ఆగింది. రెండో రోజు అత్తగారు వచ్చి తలుపు దగ్గర నిలబడ్డారు. హెడ్‌ఫోన్ తీసేసి ఉండటంతో ఎవరో తల్లి గొంతు గదంతా వినిపిస్తోంది. కాసేపు విన్నారు. “మా రోజుల్లో ఈ మిషన్లు లేవు కాబట్టి బతికిపోయాం. మీ ఇద్దర్నీ పెంచేటప్పుడు నేనైతే దాన్ని విరగ్గొట్టేదాన్ని,” అని గొణుక్కుంటూ పిల్లాణ్ణి ఎత్తుకుని వెళ్ళిపోయారు. ఆమె నోటినుంచి కోడలికి అంతకన్నా పెద్ద క్షమాపణ రాదు. వచ్చినంతవరకు చాలు...

ఆ గొంతులు కలిపి పరీక్ష చేస్తే తేలింది. పిల్లల మధ్య మాట్లాడే తల్లుల్లో ఇద్దరిలో ఒకరి మాట మిషన్‌కు అర్థం కావడం లేదు!

కమిటీ నాడు ప్రొఫెసరమ్మ పొద్దున వెళ్ళి మూడింటికి వచ్చింది. వదిన ఎదురువెళ్ళింది.

“పట్టా ఇవ్వలేదు వదినా. ఒక్కరు వింటే చాలదట. నలుగురి చేత వినిపించి, మొత్తం మళ్ళీ చేసి, ఆరు నెలల తర్వాత రమ్మన్నారు.”

“ఆరు నెలలా!” అత్తగారు నుదురు కొట్టుకున్నారు. “చేసిందంతా చేసి—”

“అమ్మా! ఆ ఆరు నెలలు వదిన వల్ల పోలేదు. నేను ఆలోచించకుండా ఇచ్చిన కాగితం వల్ల పోయాయి. కమిటీలోనూ అదే చెప్పాను. మేడమ్ ఈసారి నవ్వలేదు.”

ఆరు నెలలు! వదినకు తలుచుకుంటేనే నీరసం వచ్చింది. మళ్ళీ మూడువేల గొంతులు, మళ్ళీ పిల్లల నిద్రల మధ్య దొరికే అరగంటలు... అయినా ఎందుకో ఈసారి అలసటే ఉంది, భయం లేదు.

ఆడపడుచు మొహం కడుక్కుని వచ్చి తెల్లకాగితం, పెన్ను పట్టుకుని ఆమె పక్కన చతికిలపడింది.

“కొత్త కాగితం రాయాలి, వినేవాళ్ళు ఏం చెయ్యాలో. నువ్వు చెప్పు, నేను రాస్తాను.”

“నేనా! నాకేం తెలుసు అమ్మడూ?”

“నీకు తెలిసిందే నాకు తెలియలేదు. చెప్పు వదినా.”

చిన్నప్పుడు టీచరు లేపి ప్రశ్న అడిగినట్టుగా వదిన కొంగు సర్దుకుని నిటారుగా కూర్చుంది.

“రాయి... మధ్యలో పిల్లలు ఏడిస్తే ఆపెయ్యకండి. తల్లి మాట అక్కడితో అయిపోలేదు. ఆమె వాళ్ళని సముదాయించి మళ్ళీ మొదలుపెడుతుంది. అందాకా...”

లోపల పిల్లాడు లేచి రాగం అందుకున్నాడు. ఆమె మాట మధ్యలోనే వదిలి లేచింది. రెండడుగులు వేసి, తప్పు చేసినదానిలా వెనక్కి చూసింది.

ప్రొఫెసరమ్మ పెన్ను మూత పెట్టలేదు.

“వెళ్ళిరా వదినా,” అంది. “నేను ఇక్కడే ఉంటాను.”